మూడు నీళ్ల డబ్బా

పోయిన నెలలో ఒక ఆదివారం ప్రవల్లిక అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. గ్రామ వ్యవసాయ సహాయకురాలిగా ఈ మధ్యే చేరింది. సత్తెనపల్లి అవతల నేను వ్యవసాయాధికారిగా చివరి పదకొండేళ్లు చేసిన మండలంలోనే ఒక ఊరు ఇచ్చారట. టీ తాగుతూ, "మేడం, ఒకటి అడుగుతాను, తిట్టకండి" అంది. రిటైరై రెండేళ్లయినా నా తిట్లు ఆ మండలం మరిచిపోలేదన్నమాట.

"ఖాళీ పురుగుమందు డబ్బాలు ఏరించమని రైతుల వెంట పడమంటున్నారు. ఇళ్లలో ప్లాస్టిక్కు వేరుగా పెట్టమని చెప్పమంటున్నారు. చెబితే నవ్వుతున్నారు మేడం. ఇదంతా నిజంగా పనికొచ్చేదేనా, ఫొటోల కోసమా?"

నా నోరు ఊరుకునే రకం కాదు. ఏది అడిగినా జవాబు నాలుక చివరే ఉంటుంది. ఆ రోజు మాత్రం, "రాసిస్తాలే, చదువుకో" అన్నాను. నేనేదో సలహాల కాగితం ఇస్తాననుకుని వెళ్లి ఉంటుంది. కానీ నేను చెప్పాల్సింది వేరే ఉంది. ఆ డబ్బాలు ఏరించే పనిలోనే, నా చేతి మీదుగా, షంషాద్ అనే ఇరవై ఏళ్ల పిల్ల చనిపోయింది. ఆమె సంగతి చెప్పకుండా ఈ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ చెప్పే హక్కు నాకు లేదు.

అందుకని ఈ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలందరి కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగింది, ఇవన్నీ వదిలేస్తున్నాను. అవి మీకూ ఎలాగూ అనుభవంలోకి వస్తాయి.

పారెయ్యడానికి చెయ్యి రాదు

మన పత్తి, మిరప ఊళ్లలో వస్తువును పారెయ్యడం పాపం చేసినంత పని. మా అమ్మ కాఫీపొడి డబ్బాలో ఆవాలు పోసేది. చిరిగిన గోనెసంచి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అయ్యేది. నాన్న పాత పంచె ముందు తువ్వాలయ్యి, తర్వాత మసిగుడ్డయ్యి, చివరికి పీలికలై దీపాల్లో ఒత్తిగా వెలిగేది. ఈ పద్ధతికే ఇప్పుడు పేరు పెట్టి, పోస్టర్లు వేసి మనకు పాఠం చెబుతున్నారు. తాతకు దగ్గులు నేర్పినట్టుంటుంది. ఆ పోస్టర్లు గోడలకు అంటించే పని నాకే పడ్డప్పుడల్లా ఒళ్లు మండేది.

కాకపోతే ఈ మంచి అలవాటే మందు డబ్బాల దగ్గర ప్రాణం మీదికి తెస్తుంది. నేను కొత్తలో పొదిలి వైపు పనిచేసేటప్పుడు ఒక పెద్దాయన ఇంట్లో వరసగా మూడు మందు డబ్బాలు చూశాను. ఒకదాంట్లో కిరోసిను, ఒకదాంట్లో కంది విత్తనాలు, మూడోది నీళ్ల గదిలో చెంబు బదులు. కేకలేశాను. ఆయన నొచ్చుకున్నాడు.

"అంత మంచి డబ్బా తల్లీ. మూత కూడా బిర్రుగా పడుద్ది. పారేస్తే కళ్లు పోవూ?"

ఆ మాటకు ఇరవై ఏళ్ల తర్వాత కూడా సరైన జవాబు దొరికించుకోలేకపోయాను.

మిరపకు నల్లతామర పురుగు వచ్చిన ఏడాది ఈ బాధ ముదిరింది. రైతులు భయపడిపోయి రోజు మార్చి రోజు మందు కొట్టారు. ఒక మందు పనిచేయకపోతే రెండు కలిపి కొట్టారు. గట్ల మీద, కాలవల్లో, చేల మధ్య ఎక్కడ చూసినా ఖాళీ డబ్బాలే. అప్పుడు పైనుంచి కార్యక్రమం వచ్చింది: డబ్బాలన్నీ వెనక్కి తెప్పించాలి. మా ఏడీ గారు, అంటే పై అధికారి అయిన సహాయ సంచాలకులు, నన్ను పిలిచారు. చెడ్డమనిషి కాదు, పిల్లల చదువుల గురించి అడిగేవారు, ఆడవాళ్లను సాయంత్రం ఆరు దాటాక ఆఫీసులో ఉంచేవారు కాదు. కానీ ఆయనకు ఏదైనా కంటికి కనపడాలి.

"గుట్ట పెద్దగా రావాలమ్మా. పక్క మండలం గుట్ట చూశారా? మనిషెత్తు ఉంది."

రైతుకు చెప్పాల్సినవి మూడు. డబ్బా ఖాళీ కాగానే నీళ్లు పోసి ఊపి, ఆ నీళ్లు స్ప్రేయర్‌లోనే పోసుకోవాలి, అలా మూడుసార్లు. తర్వాత అడుగున బెజ్జం పెట్టాలి. ఆ తర్వాత తెచ్చి అప్పగించాలి. వినడానికి ఎంత తేలిక!

మస్తాన్‌బీ

మస్తాన్‌బీ మిరప కోతల ముఠాకు మేస్త్రి. ముప్పైమంది ఆడవాళ్లు ఆమె మాట మీద చేలోకి దిగి, ఆమె మాట మీద గట్టెక్కేవాళ్లు. చదువు లేదు. గొంతు మాత్రం ఈ గట్టు మీద అరిస్తే అవతలి గట్టుకు వినపడేది. నాకూ ఆమెకూ మొదటి రోజే కుదిరింది, ఇద్దరివీ పెద్ద నోళ్లే కదా. నేను ఎండన పడి వాళ్లింటికి వెళ్తే ముందు మాట్లాడనిచ్చేది కాదు. కుండలో నీళ్లు స్టీలు గ్లాసులో ముంచి ఇచ్చేది.

"ముందు గొంతు తడుపుకోండి మేడం గారూ. తర్వాత అరుద్దురుగాని."

ఆమె భర్త ఒకప్పుడు కూలికి మందు కొడుతూ చేలో స్పృహ తప్పి పడిపోయాడు. బతికాడు గానీ మునుపటి మనిషి కాలేదు. అప్పట్నుంచి మందు డబ్బా ఆమె గడప దాటలేదు. మందు కొట్టిన బట్టలు కూడా బయటే ఉతికి బయటే ఆరేసేది. ఊరంతా ఆ డబ్బాల్లో ఉప్పులూ పప్పులూ పోసుకుంటున్నా ఆ ఇంట్లో ఒక్కటి కనపడేది కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నేను మీటింగు పెట్టి అవశేషాలు, విషపూరితం అని పుస్తకం మాటలు చెబుతుంటే ఆడవాళ్లు ఆవలించారు. మస్తాన్‌బీ లేచింది.

"అట్టా చెబితే మావాళ్ల బుర్రకెక్కదు మేడం గారూ. మూడు నీళ్లు పొయ్యండి అనండి, చాలు. బియ్యం కడగరా, పప్పు కడగరా? బయటినుంచొచ్చిన గిన్నెకి మూడు నీళ్లు పోస్తేగా ఇంట్లోకి తీసుకునేది. మాలోనూ అంతే, మూడుసార్లు కడిగితే అది శుభ్రమైనట్టే."

నాకు భలే నచ్చింది. మర్నాటి నుంచి ఆటోకి మైకు కట్టించి ఊరూరా అదే చెప్పించాను: బియ్యం కడిగినట్టు మూడు నీళ్లు. ఆ మాట ఎంత లోతుకు వెళ్తుందో ఆలోచించలేదు. మూడు నీళ్లు పోస్తే ఆ వస్తువు మళ్లీ వాడుకోవచ్చు అనేది మన ఇళ్లలో పుట్టి పెరిగిన నమ్మకం, ఏ మతం వాళ్లయినా సరే. నేను దాన్ని తెచ్చి విషానికి తగిలించాను. అవతల పారెయ్యాల్సినదాన్ని కడిగి శుద్ధి చేసే పద్ధతి నేర్పాను.

మస్తాన్‌బీ కూతురే షంషాద్. ఇంటర్ చదివి, అమ్మతో కోతలకు వచ్చేది. సన్నటి పిల్ల, అమ్మ గొంతులో నాలుగోవంతు కూడా లేదు. కోతలు లేని రోజుల్లో నేను ఆ ముఠా చేతే డబ్బాలు ఏరించి కడిగించేదాన్ని. డబ్బాల మీద కాగితం చదవగలిగింది వాళ్లలో షంషాద్ ఒక్కతే. ఒకరోజు గుట్ట దగ్గర నన్నడిగింది.

"మేడం, ఎర్ర త్రికోణం ఉన్నవి విడిగా పెట్టమంటారా? అవి బాగా చెడ్డవని రాసుంది."

"గుట్టలో అన్నీ ఒకటేనే. వేసెయ్" అన్నాను. ఎండగా ఉంది. తొందరలో ఉన్నాను.

బెజ్జం

కడగమంటే కడిగారు. బెజ్జం దగ్గర మొరాయించారు. "చూస్తా చూస్తా మంచి డబ్బాకి బెజ్జమెట్టమంటే ఎట్టాగండీ" అని ప్రతి ఊళ్లోనూ అదే మాట. బెజ్జం పెట్టాలంటే అసలు డబ్బాలే తేమన్నారు. గుట్ట మోకాలెత్తు దాటలేదు. తీసుకుపోవాల్సిన పాత సామాన్ల వ్యాపారి ఇంకో పేచీ పెట్టాడు, బెజ్జాలున్నవీ కాగితాలు అంటుకున్నవీ ఎత్తనన్నాడు. ఏడీ గారికి చెప్పాను.

"బెజ్జం సంగతి తర్వాత చూద్దాం లెండి. ముందు గుట్ట చూపించండి."

ఆయన మీద నెట్టెయ్యడానికి ఇది రాయడం లేదు. వద్దని ఒక్కమాట అనొచ్చు. అనలేదు, ఎందుకంటే నాకూ గుట్ట కావాలి. మర్నాడు మైకులో మాట మార్పించాను: పొడవక్కర్లేదు, కాగితం పీకేసి మూడు నీళ్లు పోసి తెచ్చివ్వండి చాలు. వారం తిరక్కుండా గుట్ట మనిషెత్తు అయింది. దాని ముందు నిలబడి నేను నవ్వుతున్న ఫొటో ఇప్పటికీ ఎక్కడో ఆఫీసు గోడ మీద ఉండే ఉంటుంది.

ఇంకోటి కూడా ఉంది. పెద్ద డబ్బాలకు పట్టుకునే పిడి ఉంటుంది. అది లోపల బోలు. ఎన్ని నీళ్లు పోసి ఊపినా ఆ పిడిలో మందు నిలబడిపోతుందని మాకు శిక్షణలో చెప్పారు. బెజ్జం ఎందుకు తప్పనిసరో చెబుతూ ఆ మాట చెప్పారు. బెజ్జం వదిలేసినప్పుడు దాంతోపాటు ఆ మాటనీ వదిలేశాను.

వ్యాపారి రెండు ట్రాక్టర్లు తోలుకెళ్లాడు. ఎక్కడికి పోతున్నాయని అడిగితే, "మీకెందుకమ్మా, మీ గుట్ట తగ్గిందా లేదా" అన్నాడు. నేనూ మళ్లీ అడగలేదు. తర్వాత అతను రావడం మానేశాడు. మిగిలిన గుట్ట మా ఆఫీసు వెనక అలాగే ఉండిపోయింది.

ఆ నీళ్లు

మార్చిలో కోతలు జోరుగా ఉన్నాయి. ముఠా నీళ్లు తీసుకెళ్లే బిందెకు చిల్లు పడింది. మస్తాన్‌బీ తాను కడిగిన డబ్బాల్లోంచి ఒక అయిదు లీటర్ల తెల్ల డబ్బా తీసుకుంది. బెజ్జం లేదు, కాగితం లేదు, వాసన లేదు. నీళ్ల డబ్బాకూ దానికీ తేడా లేకుండా చేసింది నేనే. ఆమె ఇంకా జాగ్రత్తపడి, ఇంట్లో మళ్లీ మూడు నీళ్లు పోసిందట.

ఆ పొద్దున జరిగింది తర్వాత ముఠాలో ఆడవాళ్లు చెప్పారు. ముందు తాగింది షంషాద్. మొహం చిట్లించి, "చేదుగా ఉందమ్మీ" అని తల్లితో అంది. మస్తాన్‌బీ సాలులోంచే, "కొత్త డబ్బా వాసనే. మూడు నీళ్లు పోసి కడిగాగా. తాగు, ఎండ ముదురుతుంది" అంది. అమ్మ చెప్పిందని ఆ పిల్ల తాగింది. మస్తాన్‌బీ తర్వాత వచ్చి రెండు గుక్కలు తాగి ఊసేసింది. ఇంకెవరూ తాగకముందే షంషాద్ మిరపచెట్ల మధ్య కూలబడింది. ఒళ్లంతా చెమట, నోట్లో నురగ, చేతులు వణుకు. ఆటోలో సత్తెనపల్లి, అక్కణ్నుంచి గుంటూరు తీసుకెళ్లారు.

నేను మర్నాడు పొద్దున వెళ్లాను. డాక్టరు చిన్నవాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను వ్యవసాయాధికారినని తెలిసి ఆశగా చూశాడు.

"ఏ మందండీ అది? పేరు చెప్పండి చాలు. ఒక్కోదానికి ఒక్కో చికిత్స."

తెల్ల డబ్బా నా చేతికిచ్చారు. కాగితం ఉండాల్సిన చోట గోటితో గీకిన గీతలు, ఎండిన జిగురు. షంషాదే పీకి ఉంటుంది, మిగతావాళ్లకంటే శుభ్రంగా పీకేది. ముప్పై ఏళ్లు మందులతోనే బతికినదాన్ని. వాసన చూశాను, తిప్పి చూశాను, ఏమీ తెలియలేదు. "తెలియదండీ" అన్నాను. నా ఉద్యోగంలో నేను చెప్పిన మాటలన్నిటిలోకీ ఈ ఒక్కటే నాకు కలలో వినపడుతుంది.

వాళ్లు తెలిసినవన్నీ చేశారు. ఆరు రోజులు ఉంది.

ఒక మాట

రిపోర్టు అడిగారు. ఏడీ గారు తల పట్టుకుని కూర్చున్నారు. చివరికి, "మనం కడగమన్నాం. తాగమన్నామా?" అన్నారు. ఆ మాట నాకు ఊపిరి పీల్చుకోవడానికి దారి దొరికినట్టు అనిపించింది. కారణం అని ఉన్న చోట "వాడినవారి అజాగ్రత్త" అని రాసి సంతకం పెట్టాను. బెజ్జం ఆపించిన సంగతి ఎవరూ అడగలేదు, నేను రాయలేదు.

షంషాద్ పోయిన నలభయ్యో రోజున వాళ్లింటికి వెళ్లాను. మస్తాన్‌బీ గుమ్మంలో కూర్చుని ఉంది. లేవలేదు. ఆ ఇంట్లో నాకు నీళ్లివ్వని మొదటి రోజు అది. ఆమె గొంతు ఎంత చిన్నదైపోయిందంటే నేను వంగి వినాల్సి వచ్చింది.

"అజాగ్రత్త అని రాశారంటగా మేడం గారూ. నాది."

నేను గుమ్మం ముందే నిలబడ్డాను.

"మా ఆయన పడిపోయిన కాణ్నుంచీ మందు డబ్బా నా గడప దాటలా. మీరు చెప్పబట్టి దాటింది. మూడు నీళ్ల మాట నేనిచ్చిందే, కాదన్ను. బాగుందని మైకులో పెట్టింది మీరు. నాకు చదువు లేదు, మీకుంది."

నా మొహంలోకి చూస్తూ అంది. "చేదుగా ఉందంటే తాగమన్నది నేను. అది నేను మోస్తా, చచ్చేదాకా మోస్తా. మీది మీరు మొయ్యండి. అది కూడా తెచ్చి నా నెత్తిన పెట్టబాకండి."

వచ్చేశాను.

తర్వాతి వారం మిరప టిక్కీలు, అదే బస్తాలు, కుట్టే పెద్ద దబ్బనం ఒకటి తెచ్చుకుని ఆఫీసు వెనక కూర్చున్నాను. గుట్టలో మిగిలిన డబ్బాలు ఒక్కోటీ తీసి పొడిచాను. చాలా రోజులు పట్టింది, అరచేయి బొబ్బలెక్కింది. అటెండరు చూసి ముందు నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అప్పట్నుంచి దిగిపోయేదాకా నా మండలంలో బెజ్జం లేని డబ్బా తీసుకోలేదు. గుట్ట మళ్లీ మోకాలెత్తుకు వచ్చింది. పై మీటింగుల్లో వెనక వరసలో కూర్చునేదాన్ని, అంతే.

ప్రవల్లికకు

నువ్వడిగినదానికి వస్తాను. పనికొస్తుంది. కానీ మనం చెప్పుకునేంత కాదు. ఇంట్లో ప్లాస్టిక్కు వేరు పెడితే నీ వీధి కాలవ పూడదు, ఆవు దాన్ని తినదు. అది చిన్న మేలే, అయినా మేలే, చెయ్యి. అంతకుమించి లోకాన్ని ఉద్ధరించానని అనుకోకు. నీ దగ్గర్నుంచి తీసుకెళ్లినవాడు ఎక్కడికి తీసుకెళ్తున్నాడో ఒక్కసారైనా వెంట వెళ్లి చూడు. నేను చూడలేదు. ఆ రెండు ట్రాక్టర్ల డబ్బాలు ఏ ఇళ్లలో ఉన్నాయో, వాటిల్లో ఏం పోసుకుంటున్నారో నాకిప్పటికీ తెలియదు.

మన పనిలో ఇంకో మోసం ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. రైతు చేత మందు తగ్గించి కొట్టించడం నా అసలు పని. అది కష్టం, దానికి ఫొటో ఉండదు. కొట్టని మందుకు గుట్ట ఎక్కడ చూపిస్తాం? అందుకని అది వదిలేసి డబ్బాలు కడిగించుకుంటూ కూర్చున్నాను. కడిగిస్తుంటే ఏదో మంచి పని చేస్తున్నట్టే ఉండేది. నువ్వు కూడా అలా కూర్చుంటావేమోనని నా భయం.

డబ్బా కడిగించిన చోటే, నీ కళ్ల ముందే పొడిపించు. మంచి డబ్బా తల్లీ అంటారు. అననీ.

ఇంకొకటి రాసి ముగించాలి. రిపోర్టులో నేను రాసిన మాట తప్పు. అజాగ్రత్త నాది. మస్తాన్‌బీది కాదు. బెజ్జం వద్దన్నది నేను, కాగితం పీకమన్నది నేను, పిడి సంగతి చెప్పనిది నేను. ఆమె నేను చెప్పినదానికంటే ఎక్కువ జాగ్రత్తపడింది.

ఇక్కడిదాకా రాసి, మొన్న ఆదివారం ప్రవల్లికను వెంటబెట్టుకుని మస్తాన్‌బీ ఇంటికి వెళ్లాను. ఆ నలభయ్యో రోజు తర్వాత వెళ్లడం ఇదే. ఆమె ఇంకా మేస్త్రీయే, జుట్టు మాత్రం పూర్తిగా నెరిసింది. ఆస్పత్రి నుంచి వెనక్కి తెచ్చుకున్న ఆ తెల్ల డబ్బా ఇంటి బయట గోడకు వేలాడుతోంది, అడుగున వేలు పట్టేంత బెజ్జంతో. ముఠాలో కొత్తగా చేరిన ప్రతి మనిషినీ తీసుకొచ్చి దాన్ని చూపిస్తుందని పక్కింటావిడ చెప్పింది.

ఇదంతా రాసి తీసుకెళ్లిన కాగితాలు నేను చదవలేకపోయాను. ప్రవల్లిక చదివింది. అజాగ్రత్త నాది అన్నచోటికి వచ్చేసరికి మస్తాన్‌బీ చెయ్యెత్తి ఆపింది.

"అది ఇంకోసారి చదువమ్మా."

ప్రవల్లిక చదివింది. మస్తాన్‌బీ గోడమీది డబ్బా వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత మోకాళ్లు పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి ఆ పిల్ల చేతికిచ్చింది.

"అంతసేపు చదివావు, గొంతెండిపోయి ఉంటది. తాగు."

నాకు ఇవ్వలేదు. నేను అడగలేదు.